జడ్జిగారి కాగు

బూడిదలోంచి దింపిన క్షారపు నీళ్ళు మరుగుతున్నప్పుడు కాగు దగ్గరి నుంచి కదలకూడదు. పొంగిందంటే పొయ్యి ఆరుతుంది, పొయ్యి ఆరిందంటే అంతదాకా కాచిందంతా నేలపాలు. అందుకే పొరుగింటి హల్దా బాలూ తన గౌను మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, కొయ్యకంచె దాటి, మొక్కజొన్న చేనుకి అడ్డంపడి వస్తూ, "అక్కా, మన ఓట్లు తగలబెట్టేశారట" అని కేకేసినప్పుడు కెజాయా రాత్‌బన్ తల తిప్పిందే కాని చేతిలోని పొడుగు తెడ్డు ఆపలేదు.

"మన ఓట్లేంటే, మనకెక్కడున్నాయి?" అంది.

"అదే, మగాళ్ళవి" అని హల్దా కట్టెలు కొట్టే మొద్దు మీద కూలబడింది.

ఊపిరి కూడదీసుకుని ఆమె చెప్పిన దాంట్లోంచి తిట్లు తీసేస్తే మిగిలింది ఇది. మొన్న వసంతంలో ఎల్క్ క్రీక్ ఊరి మగవాళ్ళంతా ఫిచ్ సత్రంలో గవర్నరు ఎన్నికకి చీటీలు వేశారు. ఆ చీటీలని ఊళ్ళో ఎవరూ లెక్కపెట్టరు. పెట్టెకి తాళం వేసి, లక్క ముద్ర కొట్టి, కౌంటీ షెరీఫుకి పంపుతారు. ఆయన అన్ని ఊళ్ళ పెట్టెలనీ కలిపి రాజధానికి పంపుతాడు. అక్కడ చట్టసభ వేసిన కమిటీ విప్పి, లెక్కపెట్టి, ఆపైన చీటీలని పొయ్యిలో వేస్తుంది. ఊరు ఎవరికి వేసిందో ఊరికే తెలియదు. ఈసారి కమిటీ మన కౌంటీ పెట్టె విప్పనే లేదు. అది బయల్దేరిన నాటికి పాత షెరీఫుకి పదవి అయిపోయిందట, కొత్త షెరీఫు ఇంకా ప్రమాణం చెయ్యలేదట. కనుక ఆ రోజు కౌంటీకి షెరీఫే లేడు, లేని షెరీఫు పంపిన పెట్టె పెట్టే కాదు అని తేల్చి, లెక్కంటూ లేకుండానే నిప్పుల్లోకి తోసేశారు. పాత గవర్నరు పిసరంత తేడాతో మళ్ళీ గవర్నరయ్యాడు.

"ఆ పెట్టె విప్పి ఉంటే జడ్జిగారి మనిషే గెలిచేవాడని అందరూ అంటున్నారు" అంది హల్దా.

"అందరూ అంటే?"

"జడ్జిగారు."

కెజాయాకి నవ్వొచ్చింది. ఆవిరి కళ్ళలోకి కొట్టడంతో ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

ఎల్క్ క్రీక్‌లో జడ్జి ఓల్నీ అంటే న్యాయస్థానం ఒక్కటే కాదు. మర ఆయనది, కొట్టు ఆయనది. ఇక్కడికి వచ్చి అడవి కొట్టుకుని పొలం చేసుకున్న ప్రతివాడికీ ఆ అడవి అమ్మింది ఆయనే. కొట్టిన చెట్లు కాల్చి, ఆ బూడిద నీళ్ళు కాచి, సబ్బుకీ గాజుకీ పనికొచ్చే క్షారపు ఉప్పు తీసి బతకండని ఇంటింటికీ ఇనప కాగు ఇప్పించిందీ ఆయనే. కాగు వాడుకోవడానికి ఇచ్చాడు, ఉంచుకోవడానికి కాదు. రెండేళ్ళ కిందట మర దగ్గర ఏదో మాట అన్నాడని అమాసా కోల్ కాగు జడ్జిగారి బండెక్కి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి అమాసా వాళ్ళ చేలకీ వీళ్ళ చేలకీ కూలికి పోతున్నాడు. మీరు మీ ఇష్టప్రకారం బతకండి అని జడ్జిగారు ఎప్పుడూ అంటూనే ఉంటారు, అనేటప్పుడు కాగు వైపు చూస్తారు.

ఎన్నికల ముందు ఆయన గుమాస్తా సైలస్ పెక్ గుర్రమెక్కి గడపగడపకీ తిరిగాడు. మీకెందుకు శ్రమ అని, జడ్జిగారి మనిషి పేరు ముందే రాసి మడతపెట్టిన చీటీ ఇంటికొకటి ఇచ్చి పోయాడు. సరిగ్గా ఆ రోజే కెజాయా బూడిద నానబెట్టే పీపాకి తూము కారుతోంది. గుడ్డపీలిక కోసం వెతికితే దొరకలేదు. చేతిలో ఉన్నది మంచి దళసరి కాగితం. చుట్టి తూములో కూరింది. క్షారం దాన్ని సాయంత్రానికల్లా గుజ్జు చేసింది. గవర్నరు కావాల్సిన మనిషి ఒక్క పూట కూడా ఆగలేదేమిటని ఆమె ఆశ్చర్యపోయింది. తరవాత పంచాంగం అట్ట లోపలి కాగితం చింపి, పాత గవర్నరు పేరు తనే రాసింది. ఆమె మొగుడు జోథమ్ తన సంతకం తప్ప ఇంకేదీ రాయలేడు. ఓటు అతనిది, అక్షరాలు ఆమెవి, ఆలోచన మాత్రం ఇద్దరూ వంటింట్లో దెబ్బలాడుకుని చేసింది. పాత గవర్నరు గొప్పవాడనేమీ కాదు. కొత్తాయన భూస్వాముల బల్ల దగ్గర తప్ప ఎక్కడా కూర్చోడని జోథమ్ అన్నాడు, కూర్చున్నా మనకి కుర్చీ వెయ్యడని ఆమె అంది. అంతటితో తేలింది.

ఈ సంగతి హల్దాకి తెలియదు. హల్దా మొగుడు ఈనస్ ఎవరికి వేశాడో కెజాయాకి తెలియదు. ఎల్క్ క్రీక్‌లో ఒక మగాడు ఎవరికి వేశాడని అడగడం, అతని లోపలి చొక్కా ఎన్నాళ్ళకి ఉతికారని అడగడం లాంటిది.

కెజాయా పక్కనున్న బుట్టలోంచి గుడ్డు తీసి, చిక్కదనం చూడడానికి క్షారపు నీళ్ళ తొట్టిలో వదిలింది. గుడ్డు తేలింది కాని, బొటనవేలి గోరంతే పైకి కనిపించింది. ఇంకా చిక్కపడాలి.

"నీకేం అనిపించట్లేదా అక్కా?" అంది హల్దా.

"అనిపిస్తోంది. తెడ్డు వదిలాక అనిపించుకుంటాను."

*

సాయంత్రం జోథమ్ బూడిద బస్తాలతో వచ్చాడు. పొద్దుట్నుంచీ పొరుగు చేలల్లో చల్లారిన కుప్పలు ఎత్తుతున్నవాడు, కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. ఆమె బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. మేపుల్ చెట్ల బూడిద మెత్తగా జారుతుంది. దీంట్లో గరుకుంది.

"పైన్ కలిసింది" అంది.

"కొంచెమేలే" అన్నాడు.

పైన్ బూడిదలో ఉప్పుండదు, చాకిరీ ఉంటుంది. ఇంకోరోజైతే దానిమీద పెద్ద రభస జరిగేది. ఆ రోజు ఆమె బస్తా మూతి కట్టేసి, ఓట్ల సంగతి చెప్పింది. దార్లోనే విన్నానన్నాడు. బూట్లు విప్పుకుని, ఒకదాన్లోంచి రాయి దులిపాడు.

"పోనీలే. మనం వేసినాయనే గెలిచాడు కదా" అన్నాడు.

"మన ఓటుతో గెలవలేదు. మన ఓటు కాల్చి గెలిచాడు."

"రెండూ ఒకటే."

"ఒకటే అయితే ఆ రోజు పొలం పని మానుకుని అంత దూరం ఎందుకు నడిచావు?"

జోథమ్ మొక్కజొన్న జావలో మేపుల్ పాకం పోసుకుని, గిన్నె అంచు చుట్టూ చెంచాతో గీస్తూ కూర్చున్నాడు. ఆమెకి కోపం ఎవరి మీదో ఆమెకే సరిగ్గా తెలియలేదు. పెట్టె కాల్చినవాళ్ళు దాన్ని ఎందుకు కాల్చారు? ఆ పల్లెల్లో ఉన్నవన్నీ ఓల్నీ ఓట్లే అనుకుని. ఓల్నీ ఎందుకు గోల పెడుతున్నాడు? అవన్నీ తన ఓట్లే అనుకుని. ఇద్దరూ బద్ధశత్రువులు, ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట. పెట్టెలో జోథమ్ రాత్‌బన్ ఓటు ఉండొచ్చని అటువాళ్ళకీ తోచలేదు, ఇటువాళ్ళకీ తోచలేదు.

మర్నాడు పెక్ వచ్చాడు. గుర్రం దిగకుండానే సంగతి చెప్పాడు. శనివారం ఫిచ్ సత్రం దగ్గర సభ. ఓటు వేసిన ప్రతివాడూ వచ్చి, బైబిల్ మీద చెయ్యి పెట్టి, ఎవరికి వేశాడో నోరారా చెప్పాలి. పెక్ రాసుకుంటాడు. ఆ కాగితాలన్నీ చట్టసభ ముందు పెట్టి, జనం గొంతు ఎలా నొక్కారో జడ్జిగారు లోకానికి చూపిస్తారు.

"పేరు పేరునా చెప్పాలా?" అన్నాడు జోథమ్.

"దాపరికం దేనికి? అందరికీ తెలిసిందే కదా" అన్నాడు పెక్. వెళ్ళబోతూ గుర్రాన్ని పొయ్యి వైపు తిప్పి, కొరడా పిడితో కాగు అంచు మీద ఒక్కటి తట్టాడు. గుడిగంటలా మోగింది. "బీట పడలేదు, మంచి కాగు. జాగ్రత్తగా వాడుతున్నారా అని జడ్జిగారు అడగమన్నారు."

"రోజూ కాస్తున్నామని చెప్పండి" అంది కెజాయా.

గుర్రం కంచె దాటాక జోథమ్ మెల్లగా అన్నాడు, ఆ పేరు చెప్పేస్తానని. జడ్జిగారి మనిషి పేరు. నోటితో ఒక ముక్క, దాంతో ఎవరికి నష్టం? చీటీలు ఎలాగూ బూడిదయ్యాయి, వచ్చి కాదనేదెవరు?

"బైబిల్ మీద చెయ్యి పెట్టి?"

"దేవుడికి తెలుసు మనకి కాగు ఒక్కటే ఉందని."

"దేవుడికి నువ్వెవరికి వేశావో కూడా తెలుసు."

"కాగు పోతే చలికాలం ఏం తింటామే? అమాసాని చూడు. నీతో కలిసి చేలల్లో కూలికి పోనా?" అతని గొంతు పెరగలేదు. జోథమ్ గొంతు పెరిగేది ఎద్దుల మీదే. "నాకు మాత్రం నిజం చెప్పాలని లేదనుకున్నావా?"

ఆ చివరి మాట ఆమెని ఆపింది. కాగులో చిక్కబడి నల్లటి పాకంలా ఉన్నదాన్ని అడుగంటకుండా తిప్పుతూ నిలబడింది. మామూలుగా అయితే ఈ పాటికి పీపాలోంచి కొత్త నీళ్ళు పట్టి, రేపటికి సిద్ధం చెయ్యాలి. ఆమె పట్టలేదు. ఉప్పు గట్టిపడి, ఎర్రగా కాగి, చల్లారేదాకా ఉండి, ఉలితో పెచ్చులుగా కొట్టి తీసి పీపాలో వేసింది. పొయ్యిలో కొత్త కట్టె పెట్టలేదు. జోథమ్ చూశాడో లేదో మరి, పొయ్యి ఎందుకు ఆర్పావని అడగలేదు.

*

శనివారం పొద్దున్నే జోథమ్ మంచి కోటు వేసుకుని మగవాళ్ళతో కలిసి నడిచి వెళ్ళాడు. వెనక వరసలో నిలబడి పని ముగించుకుని వచ్చేస్తానన్నాడు. ఆమె కోటు భుజం మీది బూడిద దులిపి పంపింది.

అతను మలుపు తిరగగానే ఇసకా, గడ్డిచుట్టా తీసుకుని కాగులోకి దిగింది. నిజంగానే దిగింది, అంత పెద్దది. మూడేళ్ళ మసి ఒక్క పూటలో పోదు కాని, లోపలి భాగం మాత్రం కొత్తదానిలా మెరిసేదాకా రుద్దింది. ఇచ్చేటప్పుడు మురికిగా ఇచ్చారన్న మాట పడకూడదు. తరవాత హల్దాని పిలుచుకొచ్చింది. ఇద్దరూ గునపం, దుంగలు వేసి, పొయ్యి మీది నుంచి కాగుని ఒరగదోసి, రాళ్ళు ఈడ్చే చక్రాల్లేని బండి మీదికి దొర్లించారు. హల్దా ఎందుకని అడగలేదు. దుంగ జారి చెయ్యి గీరుకుపోయినప్పుడు, వేలు నోట్లో పెట్టుకుని, "మా ఆయన రెండు రోజుల్నుంచీ తిండి సరిగ్గా తినట్లేదక్కా" అంది.

కెజాయా తాడు బిగిస్తూ ఆమె మొహంలోకి చూసింది.

"మా ఆయనా అంతే" అంది.

హల్దా కాగు వంక చూసింది. తరవాత చెయ్యి గౌనుకి తుడుచుకుని, "నువ్వు పద, నాకు ఇంట్లో పనుంది" అని కంచె దాటి వెళ్ళిపోయింది.

కెజాయా ఎద్దుల్ని కట్టి బండి తోలుకొచ్చేసరికి ఫిచ్ సత్రం వాకిలి నిండా జనం. ఆడవాళ్ళు ఒక పక్కగా కంచె వారన నిలబడ్డారు. అరుగు మీద బల్ల, బల్ల మీద బైబిల్, బైబిల్ పక్కన సిరాబుడ్డి. జడ్జి ఓల్నీ నిలబడి మాట్లాడుతున్నాడు. మంచి గొంతు ఆయనది, ఆకులు కదిలేలా మాట్లాడగలడు. స్వేచ్ఛ కోసం ఒక రాజుతో పోరాడి గెలిచాం, ఈ కమిటీ రాజులెవరు మనకి, ఒక్క మనిషి ఓటు కాల్చినా దేశాన్ని కాల్చినట్టే, పల్లెటూరివాడైనంత మాత్రాన అతని మాట మాట కాదా అంటున్నాడు. కెజాయా రోడ్డు మలుపులో ఎద్దుల్ని అదిలిస్తూ అంతా విన్నది. ప్రతి ముక్కా బాగుంది. ఆయన నోట్లో ఉండడం తప్ప దాంట్లో ఏ లోపమూ లేదు.

చక్రాల్లేని బండి ఖాళీగా ఉంటే ఎగిరెగిరి చప్పుడు చేస్తుంది. బరువుంటే మూలుగుతుంది. ఆ మూలుగు వాకిట్లోకి రాగానే తలలు తిరిగాయి. జనం పక్కకి తప్పుకున్నారు. ఆమె ఎద్దుల్ని తిన్నగా అరుగు ముందుకి తోలి ఆపింది.

"ఇదేంటి?" అన్నాడు పెక్.

"జడ్జిగారి కాగు. తోమి తెచ్చాను, చూసుకోండి."

జడ్జిగారు నవ్వు మొహంతోనే ఉన్నారు. "ఇవాళెందుకమ్మా తెచ్చావు? సభ అవుతుంటే?"

"ఇవాళ మా ఆయన బైబిల్ మీద చెయ్యి పెడతాడు కదండీ. ఆ చేతిలో మీ వస్తువేదీ ఉండకూడదని" అంది.

కాగు లోపలికి ఎండ పడి, ఆ వెలుగు వెళ్ళి అరుగు కప్పు మీద వణుకుతోంది. వెనక వరసలో జోథమ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అతని వైపు చూడలేదు. ఎద్దు మెడ కింద కాడి ఒరుసుకున్న చోట గోకుతూ నిలబడింది. చూస్తే బలవంతం చేసినట్టవుతుంది. చెయ్యాల్సిన బలవంతం బండి మీద ఉంది, అది చాలు.

జోథమ్ జనంలోంచి ముందుకి వచ్చాడు. అతని పేరు ఇంకా పిలవలేదు. పెక్ ఆ మాటే అన్నాడు కాని, అతను అప్పటికే అరుగెక్కి, బైబిల్ మీద చెయ్యి పెట్టాడు. గోళ్ళలో బూడిద అలాగే ఉంది.

"నేను పాత గవర్నరుకి వేశాను" అన్నాడు.

పెక్ కలం ఆగింది. జోథమ్ ఆగలేదు. అన్ని మాటలు అతని నోట్లోంచి ఒక్కసారిగా రావడం కెజాయా పెళ్ళినాడు కూడా వినలేదు.

"ఆయన గెలిచాడు. ఆయన మనుషులే నా ఓటు కాల్చారు. నాకు ఆయన మీద కోపంగా ఉంది. మీ మీదా కోపంగా ఉంది. జడ్జిగారూ, ఇందాక మీరన్నది నిజమే, ఒక్కడి ఓటు కాల్చినా తప్పే. అందుకని రాయండి. అది మీ ఓటు కాదు, ఆయన ఓటు కాదు. నాది. లెక్కపెట్టాలి."

"నువ్వు కంగారులో ఉన్నావు రాత్‌బన్. బాగా గుర్తుచేసుకో" అన్నారు జడ్జిగారు.

"గుర్తుందండీ. మీ చీటీ తూము బిగించడానికి పనికొచ్చింది."

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో ముక్కుతో నవ్వారు. తరవాత వచ్చినవాడు అమాసా కోల్, పోగొట్టుకోవడానికేమీ లేనివాడు కనుక హాయిగా చెప్పాడు. ఆ తరవాత వచ్చిన చర్చి పెద్ద మాటే అందరినీ కదిలించింది. ముసలాయన చేతికర్ర బల్లకి ఆనించి, తను జడ్జిగారి మనిషికే వేశానన్నాడు. జడ్జిగారి మొహం విప్పారింది. "మీరు చెప్పారని కాదు, నాకు నచ్చాడని వేశాను. నాదీ కాల్చారు, జోథమ్‌దీ కాల్చారు. రెండూ రాయి నాయనా" అన్నాడు ముసలాయన గుమాస్తాతో. అప్పుడు జనం వరస కట్టారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ తోసుకోలేదు, మర దగ్గర పిండి కోసం నిలబడినట్టు నిలబడ్డారు. ఒకడు జడ్జిగారి మనిషి అన్నాడు, ఇంకొకడు పాత గవర్నరు అన్నాడు, పాత గవర్నరు అన్నవాళ్ళే ఎక్కువవుతూ వచ్చారు.

జడ్జిగారు కాసేపు చూశారు. ఆ పెట్టె విప్పి ఉంటే ఏమయ్యేదో ఆయనకి అప్పుడు లెక్క తేలింది. మెల్లగా బైబిల్ మూశారు. ఎండ ఎక్కువైంది, ఇవాళ్టికి చాలు, అందరి తరఫునా నేనే ఒక కాగితం రాసి పంపుతాను అన్నారు. జరిగిందేదో జరిగింది, కాలిపోయిన చీటీలని తవ్వుకోవడం పెద్దమనుషులకి తగదు కూడా అన్నారు.

చర్చి పెద్ద బైబిల్ మళ్ళీ తెరిచాడు. "వరస ఇంకా ఉంది" అన్నాడు.

గుమాస్తా జడ్జిగారి వైపు చూశాడు, వరస వైపు చూశాడు. వరస పొడుగ్గా ఉంది. కలం సిరాలో ముంచాడు.

జడ్జిగారు అరుగు దిగి కెజాయా దగ్గరికి వచ్చారు. ఇప్పుడాయన గొంతు చాలా మెత్తగా ఉంది. ఈ కాగు వెనక్కి ఎవరడిగారమ్మా అన్నారు. మీ ఆయన లాంటి పనివాడి దగ్గర ఉంటేనే దానికి విలువ అన్నారు. నా వాకిట్లో పెట్టుకుని నేనేం కాచుకోను అని చిన్నగా నవ్వారు కూడా. నదిలో పడవల మీద దిగువకి పోయే ఉప్పు పీపాల మీద ఉండేది ఆయన ముద్రే. ఆ పీపాలు నిండాలంటే కాగులు పొయ్యిల మీద ఉండాలి, వాకిళ్ళలో కాదు. కెజాయాకి ఆ సంగతి తెలుసు. తనకి తెలుసని ఆయనకి ఇప్పుడే తెలిసింది.

"ఇంటికి తోలుకుపో. పోతూ పోతూ మీవాళ్ళని కూడా తీసుకుపో. ఈ వరసంతా దేనికి?" అన్నారు.

కెజాయా ఎద్దుల కాడి మేకు లాగి, కాడి దింపి, కంచెకి ఆనించింది. ఎద్దులు రెండూ తల విదిలించి గడ్డి వైపు నడిచాయి.

"ఎద్దులు అలిసిపోయాయండీ" అంది.

ఆయన ఇంకేదో అనబోయి ఆగారు. రోడ్డు మలుపు అవతలి నుంచి సన్నగా మొదలై, దగ్గరవుతూ, బరువు బండి మూలుగు ఇంకొకటి వినిపిస్తోంది. వరసలో నిలబడిన ఈనస్ బాలూ తల ఎత్తి, చెవి రిక్కించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అదేంటి?" అన్నారు జడ్జిగారు.

"బాలూ వాళ్ళ ఇంటి నుంచండీ" అంది కెజాయా. "వాళ్ళ ఎద్దులు మా ఎద్దులకంటే నెమ్మది."